తెల్లని ఉరుములు వినబడే తీరం



ఒక రాష్ట్రానికి రాజధాని అయి ఉండి, బయటి లోకం నుండి రోడ్డు దారి లేని ఊరు ఎక్కడైనా ఉంటుందా అని మీ పిల్లలు అడిగితే, ఉందని చెప్పండి. అమెరికా దేశపు అలాస్కా రాష్ట్రానికి రాజధాని జూనో. దాని వెనుక గోడలా నిలబడ్డ కొండలు, ఆ కొండల నెత్తిన విశాలమైన మంచు మైదానం, ముందు సముద్రపు పాయ. ఊళ్లో కార్లున్నాయి, రోడ్లున్నాయి. అయితే ఆ పెద్ద రోడ్డు ఒక నలభై మైళ్లు పోయి అడవిలో ఆగిపోతుంది. అక్కడికి రావాలన్నా, అక్కడి నుండి పోవాలన్నా విమానమో ఓడో ఎక్కవలసిందే. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరి జనం 32 వేలు. మన దగ్గరైతే ఒక చిన్న మున్సిపాలిటీకి సరిపోతారు.

1880లో కొవీ అనే త్లింగిత్ జాతి పెద్ద దారి చూపించగా జో జూనో, రిచర్డ్ హారిస్ అనే ఇద్దరు అక్కడ బంగారం కనుగొన్నారు. ఊరికి జూనో పేరు పెట్టుకున్నారు. దారి చూపినవాని పేరు ఊరవతల ఒక ఏటికి దక్కింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత మనకు పనికి వస్తుంది.

జూనో నుండి చిన్న విమానంలో పడమరగా అరగంట ప్రయాణం చేస్తే గస్టావస్ అనే పల్లె వస్తుంది. ఏడు వందలమంది కూడా లేని ఊరు. అక్కడి నుండి పది మైళ్ల రోడ్డు బార్ట్‌లెట్ కోవ్ అనే రేవు దగ్గర ఆగుతుంది. ఇక అక్కడి నుండి ఉత్తరంగా ఉన్నదంతా గ్లేసియర్ బే, అంటే మంచునదుల అఖాతం. పాఠ్యపుస్తకాలలో హిమానీనదం అంటారు గాని, మంచునది అంటే మనకు సులువుగా బోధపడుతుంది. ఈ అఖాతమూ చుట్టూ ఉన్న కొండలూ కలిపి సుమారు 33 లక్షల ఎకరాలు, దాదాపు పాత నెల్లూరు జిల్లా అంత. 1925లో ప్రభుత్వం దీనిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, 1980లో జాతీయ ఉద్యానవనం చేసింది. 1992లో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు.

అంత ప్రాంతంలో లోపలికి పోవడానికి బాటలు లేవు. పెద్ద ఓడలు రోజుకు రెండింటిని మించి రానివ్వరు. రేవు నుండి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చే పడవ ఒకటి ఎండాకాలంలో నడుస్తుంది. ఓపిక ఉన్నవారు కయాక్ అనే సన్నని తెడ్డుపడవలు వేసుకొని రోజుల తరబడి తీరం వెంట పోయి, గుడారాలు వేసుకొని పడుకుంటారు. అలా పోయేవారిని రేంజర్లు ముందుగా కూర్చోబెట్టి బోధ చేసిగాని పంపరు. తినుబండారాలన్నీ ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలలో పెట్టాలి. వంట గుడారం దగ్గర కాకుండా ఆటుపోట్ల నీరు వచ్చి కడిగిపోయే చోట చేసుకోవాలి. ఆ వాసనకు ఎలుగులు రాకుండా ఉండడానికి ఇదొక ఉపాయం. ఆటుపోటు అన్నాను గనుక చెబుతున్నాను, మన కాకినాడ తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మనిషి ఎత్తుకు మించదు. అక్కడ కొన్ని రోజులలో ఇరవై అయిదు అడుగుల వరకు ఉంటుంది. రాత్రి నీటి అంచున పడవను వదిలి పడుకుంటే తెల్లారేసరికి అది ఉండదు. వాన సంగతి సరేసరి, ఏడాదికి సుమారు 70 అంగుళాలు.

ఈ అఖాతంలో ప్రయాణం విచిత్రమైనది. 1794లో ఇంగ్లీషు నావికుడు జార్జి వాంకూవర్ మనుషులు ఈ తీరం పటం గీయడానికి వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు. సముద్రానికి అడ్డంగా బ్రహ్మాండమైన మంచుగోడ ఉంది, దానిలో అయిదు మైళ్ల లోతు నొక్కు మాత్రం కనిపించింది. 1879 నాటికి ఆ గోడ నలభై మైళ్లకు అటూ ఇటూగా వెనక్కి పోయింది. 1916 నాటికి 65 మైళ్లు. అంటే హైదరాబాదు నుండి నల్గొండకు ఉన్నంత దూరం మంచు కరిగి, విరిగి, నూట ఇరవై ఏళ్లలో సముద్రమైపోయింది. లోకం వేడెక్కుతున్నదని ఈ రోజుల్లో మనం వింటున్న మాటకు దీనినంతటినీ ముడిపెట్టడం సరికాదు. అప్పటికి కొన్ని వందల ఏళ్లుగా సాగిన చలికాలం ముగియడం ఒక కారణం. లోతు నీటిలో నిలబడ్డ మంచునది ఒకసారి వెనుకడుగు వేస్తే ఆగకుండా విరిగిపోతూ ఉండడం ఇంకొకటి. నేటి వేడి చేస్తున్న పని వేరే ఉంది, జూనోకు తిరిగి వచ్చినప్పుడు చూద్దాం.

అందువలన పడవలో లోపలికి పోతుంటే ముసలి నేల నుండి పసి నేలకు పోతున్నట్టుంటుంది. రేవు దగ్గర ఆకాశమంత స్ప్రూస్ చెట్లు, నేలంతా మెత్తని నాచు. అక్కడ మంచు పోయి రెండు వందల ఏళ్లు దాటింది. ఇంకొంత దూరం పోతే ఆల్డర్ అనే పొదలు. ఇంకా పోతే నేలకు అంటుకొని పాకే చిన్న తీగలు. చివరకు బోడిరాయి, గులకరాళ్లు, బూడిదరంగు మన్ను. నిన్న మొన్న మంచు కింద నుండి బయటపడిన నేల అది.

రైతు కుటుంబాలవారికి ఆల్డర్ సంగతి ఇష్టంగా ఉంటుంది. మంచు తోమేసి వదిలిన ఆ మన్నులో సారమేమీ ఉండదు. ఆల్డర్ వేళ్లలో బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. మనం వరి వేసేముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పొలంలో కలియదున్నుతాం గదా, ఆ పనే అక్కడ దున్నేవాడు లేకుండా జరుగుతుంది. ఆల్డర్ ఆకు రాలి కుళ్లిన నేలలోనే స్ప్రూస్ మొలక అందుకుంటుంది, పెరిగి పెద్దదై నీడ కమ్మేసి ఆల్డర్‌నే చంపేస్తుంది. విలియమ్ కూపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1916లో ఇక్కడ చిన్న చిన్న మళ్లు గుర్తుపెట్టి, ఏ మొక్క ఎప్పుడు వచ్చిందో రాసుకున్నాడు. ఆయన తరువాతివారు ఆ మళ్లనే ఇప్పటికీ కొలుస్తున్నారు. నూరేళ్లు దాటిన లెక్క అది. ఈ ప్రాంతాన్ని కాపాడాలని 1925కు ముందు ప్రభుత్వాన్ని అడిగినవారిలో ఆయన ముఖ్యుడు.

ఇంకొక వింత, గస్టావస్ చుట్టుపక్కల నేల పైకి లేస్తున్నది. అంత మంచు బరువు మీద నుండి దిగిపోయేసరికి, తలమూట దించుకున్న మనిషి నడుము నిటారు చేసుకున్నట్టు భూమి లేస్తున్నది. ఏడాదికి సుమారు మూడు సెంటీమీటర్లు. ఒక మనిషి జీవితకాలంలో అది కళ్లకు కనబడేంత.

అఖాతపు తల దగ్గర మార్జరీ అనే మంచునది సముద్రాన్ని తాకుతుంది. పొడవు 21 మైళ్లు, ముఖం మైలు వెడల్పు, నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తు. కొండల మీద ఏటేటా పడిన మంచు తన బరువుకు తానే నలిగి గడ్డకట్టి, మెల్లగా జారుతూ వస్తుంది. లోపలి గాలి బుడగలు నలిగిపోవడం వలన ఆ గడ్డ వెలుతురులోని ఎర్రరంగును మింగి నీలంగా కనిపిస్తుంది. ముఖం నుండి ఇళ్లంత పెళ్లలు విరిగి నీటిలో పడినప్పుడు ఆ చప్పుడు మైళ్ల దూరం వినబడుతుంది. దానిని త్లింగిత్ వారు తెల్లని ఉరుము అంటారు. ఇంతకంటే మంచి మాట ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పలేదని నా అభిప్రాయం.

ఈ అడవిని మనుషులెవరూ ఎరుగని చోటని పాత పుస్తకాలు రాశాయి. అది నిజం కాదు. మంచు ముందుకు రాకముందు ఇక్కడ గడ్డి మైదానం, చేపల ఏరు, ఊళ్లు ఉండేవని హూనా త్లింగిత్ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వారి కథ ఇలా ఉంటుంది. మన ఇళ్లలో పెద్దమనిషి అయిన పిల్లను వేరుగా కూర్చోబెట్టేవారు గదా, అలాగే ఒక అమ్మాయిని ఏకాంతంలో ఉంచారు. ఒంటరితనం తట్టుకోలేక ఆ పిల్ల దూరాన ఉన్న మంచునదిని పిలిచింది. అది పరుగెత్తే కుక్కలా ఊరి మీదికి వచ్చింది. ఊరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు ఒక స్త్రీ మాత్రం పడవెక్కక ఇంట్లోనే ఉండిపోయింది. మంచు ఆ ఇంటిని తోసుకుపోయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు తమ లెక్కలు వేసి, 1700ల మొదటి భాగంలో మంచు నిజంగానే వేగంగా దిగివచ్చి, 1750 ప్రాంతంలో సముద్రం దాకా చేరిందని తేల్చారు. ముసలమ్మలు చెప్పిన మాటకు శాస్త్రం ఆలస్యంగా సాక్ష్యం పలికింది.

ఊరు విడిచిన ప్రజలు నీటికవతల హూనా అనే గ్రామం కట్టుకున్నారు. మంచు వెనక్కి పోతుంటే వేటకూ, పండ్లకూ, గుడ్లకూ మళ్లీ అఖాతంలోకి వచ్చేవారు. ఉద్యానవనం వచ్చాక చట్టాలు వచ్చాయి. వసంతంలో సముద్రపక్షుల గూళ్ల నుండి గుడ్లు ఏరుకోవడం వారికి పండుగలాంటిది, పిల్లలకు పెద్దలు ఏ గూటి నుండి తీయాలో, దేనిని వదలాలో నేర్పే సమయం. అది నేరమైపోయింది. 2014లో పార్లమెంటు చట్టం చేస్తేగాని ఆ హక్కు తిరిగి రాలేదు. 2016 ఆగస్టులో బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున వారి పూర్వికుల పేర ఒక పెద్ద చెక్క ఇల్లు తెరిచారు. ఆ రోజు హూనా గ్రామస్థులు చెక్కిన పడవలలో తెడ్లు వేసుకుంటూ సముద్రం దాటి వచ్చారు.

ఇక 1879 నాటి సంగతి. జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రియుడు ఈ అఖాతాన్ని లోకానికి చాటాడని అందరూ అంటారు. ఆయనతో ఆ పడవలో ఉన్నవారిని గూర్చి తక్కువమంది చెబుతారు. ఒకరు శామ్యూల్ హాల్ యంగ్, ప్రెస్బిటేరియన్ మిషనరీ. 1878లో రాంగెల్ అనే ఊరికి వచ్చాడు. అదే 1878 జులైలో మన ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందారు. సంఘం వేరు, దేశం వేరు, కాని ఒక పోలిక ఉంది. మన దగ్గర మిషనరీ కంటే ముందు నడిచి మాదిగ పల్లెలకు సువార్త తీసుకుపోయినవాడు యెర్రగుంట్ల పేరయ్య. రాంగెల్‌లోనూ తెల్ల మిషనరీలు రాకముందే, 1876లో కట్టెలు కొట్టే పనికి వచ్చిన సిమ్షియన్ జాతి కూలీలు ప్రార్థనలు మొదలుపెట్టారు.

పడవ నడిపినవాడు టొయాటీ, స్టికీన్ త్లింగిత్ పెద్ద, సంఘానికి మొదట చేరినవారిలో ఒకడు. అక్టోబరు చలి, వాన. అఖాతంలో ఆదివారం వచ్చింది. యంగ్ గారు విశ్రాంతి దినాన కదలనన్నారు. మ్యూర్ ఒంటరిగా కొండెక్కి, మబ్బులు విడిపోయిన కొద్ది నిమిషాలలో మంచునదులన్నింటినీ చూసి దిగివచ్చాడు. ఎవరి ఆదివారం వారిది.

ఈ ఇద్దరి స్నేహం గట్టిది. అదే ఏడాది ఇంకొక కొండ మీద యంగ్ జారిపడ్డాడు. రెండు భుజాలూ కీలు తప్పి, లోయ అంచున చేతులు పనిచేయక వేలాడుతుంటే, మ్యూర్ ఆయన కోటు కాలరును పళ్లతో కరచి పట్టుకొని పైకెక్కించి, రాత్రంతా మోసుకుంటూ కిందికి దింపాడు. మరుసటి ఏడాది 1880లో మ్యూర్ తుపానులో మంచునది దాటబోతే, యంగ్ గారి నల్ల కుక్కపిల్ల స్టికీన్ వద్దన్నా వినక వెంటపోయింది. సాయంకాలం తిరుగుదారిలో పెద్ద పగులు అడ్డం వచ్చింది. దాని మీద కత్తి అంచులాంటి మంచు వంతెన ఒక్కటే దారి. మ్యూర్ గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ దాటాడు. కుక్క ఏడ్చి ఏడ్చి, చివరకు అడుగులో అడుగు వేసుకుంటూ దాటి, ఆనందం పట్టలేక గిరగిరా తిరిగింది. మ్యూర్ రాసిన ఈ కథ అమెరికా పిల్లలకు తరాలుగా తెలుసు. టొయాటీ మాట పిల్లల పుస్తకాలలో ఉండదు. 1880 జనవరిలో రెండు వర్గాల కొట్లాట ఆపడానికి నడుమ నిలబడి తుపాకి గుండుకు చనిపోయాడాయన.

యంగ్ మంచి మనిషే. కాని ఒక నిర్ణయం చేశాడు. త్లింగిత్ భాషలో బోధించనక్కరలేదు, వాక్యాన్ని ఆ భాషలోకి తర్జుమా చేయనక్కరలేదు, అందరూ ఇంగ్లీషే నేర్చుకోవాలి, పాత భాషలు పోతే పోనీ అన్నాడు. మనకు వాక్యం తెలుగులో వచ్చింది. మనకు వచ్చిన దొరలు పలకరాని తెలుగును పట్టుబట్టి నేర్చుకొని తెలుగులోనే ప్రార్థన చేశారు. అలా కాక ఇంగ్లీషులోనే మోకరించమని ఉంటే మన నాయనమ్మలు ఏమయ్యేవారో ఆలోచించండి. త్లింగిత్‌ను ఉగ్గుపాలతో నేర్చినవారు నేడు కొద్దిమందే మిగిలారు.

ఇప్పుడు జూనోకు తిరిగి వద్దాం. ఊరికి పన్నెండు మైళ్లలో మెండెన్‌హాల్ అనే మంచునది ఉంది. 2023లో ఓడలలో వచ్చిన యాత్రికులు 16 లక్షలకు పైగా. చాలామంది చూసేది దీనినే. ఇది ఏటేటా తరిగిపోతున్నది, ఇక్కడ నేటి వేడి పాత్ర స్పష్టం. పక్కలోయలోని చిన్న మంచునది కరిగిపోయి ఒక గుంట మిగిలింది. మెండెన్‌హాల్ దానికి కట్టలా నిలబడడంతో కరిగిన నీరూ వాననీరూ అందులో చెరువై నిండుతుంది. నిండిన చెరువు కట్ట కింద నుండి దారి చేసుకొని ఒక్కసారిగా నదిలోకి దూకుతుంది. 2011 నుండి ఇది జరుగుతున్నది. 2023 ఆగస్టులో ఒడ్డు కోసుకుపోయి ఇళ్లు నదిలో కూలాయి. 2024లో దాదాపు మూడు వందల ఇళ్లలోకి నీరు వచ్చింది. 2025 ఆగస్టు 13న నది 16.65 అడుగులకు లేచి పాత లెక్కలన్నీ దాటింది. అయితే అప్పటికే ఒడ్డు పొడుగునా ఇసుక నింపిన పెద్ద బుట్టల కట్ట వేసి ఉండడం వలన చాలా ఇళ్లు నిలిచాయి. 2023 అక్టోబరులో మన సిక్కింలో లొనాక్ సరస్సు తెగినప్పుడు చుంగ్తాంగ్ ఆనకట్ట కొట్టుకుపోయిందని చదివాం. ఇది దానికి దూరపు చుట్టం.

ఈ ఊళ్లోనే ఇంకొక సంగతి ఉంది, మన సంఘాలవారు తెలుసుకోదగినది. 1940లో వాల్టర్ సొబొలెఫ్ అనే యువ పాదిరి జూనోలోని మెమోరియల్ ప్రెస్బిటేరియన్ సంఘానికి కాపరిగా వచ్చారు. తల్లి త్లింగిత్. సంఘస్థులు ఎక్కువగా త్లింగిత్ కుటుంబాలు. ఆయన అన్ని జాతులవారికీ తలుపు తెరిచారు, రేడియోలో త్లింగిత్ భాషలో మాట్లాడారు. సంఘం పెరిగింది. 1960ల మొదట్లో పైవారు, అంటే ఆ మిషను పెద్దలే, ఆ సంఘాన్ని మూయించారు. అదే ఊళ్లో తెల్లవారి సంఘం కొనసాగింది. మూతపడినది అప్పులపాలైన సంఘం కాదు, మనుషులు తగ్గిన సంఘం కాదు. సొబొలెఫ్ గారు కోపంతో వెళ్లిపోలేదు, పల్లెపల్లెకూ తిరిగే కాపరి అయ్యారు, తరువాత విశ్వవిద్యాలయంలో బోధించారు. 2011లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికింకా ఎవరూ ఆయనకు క్షమాపణ చెప్పలేదు.

2022లో ఆ సంఘపు సర్వసభ, మూసివేతకు కారణం జాతి వివక్షేనని ఒప్పుకొన్నది. 2023 అక్టోబరులో పెద్దలు జూనోకు వచ్చి ప్రజల ముందు క్షమాపణ చెప్పారు, సుమారు పది లక్షల డాలర్లు పరిహారంగా ఇవ్వడానికి పూనుకొన్నారు. మూసినప్పుడు బడి పిల్లలుగా ఉన్నవారు క్షమాపణ విన్నప్పుడు ముసలివారు. అరవై ఏళ్లు పట్టింది. ఎక్కడో మంచు దేశంలో తెల్లవారు చేసిన తప్పు గదా అని పేజీ తిప్పేముందు, మన గుడిలో ఎవరు ముందు కూర్చుంటున్నారో, ఎవరి వాడలోని మందిరానికి ఎవరు వెళ్లడం లేదో, సమాధుల దొడ్డిలో గోడ ఎందుకుందో మన పెద్దలను అడిగితే మంచిది.

ఆ కాలంలో కొనసాగిన సంఘం పేరు నార్తర్న్ లైట్. ఇప్పుడు దాని పేరుకు ముందు రెండు త్లింగిత్ మాటలు చేర్చుకున్నారు: కునేఖ్ హీదీ. అంటే స్వస్థత ఇల్లు. ఉత్తరాలలో త్లింగిత్ పేరు ముందు, ఇంగ్లీషు పేరు తరువాత రాస్తారు.